ఎలుక కణితి స్లైడుగా మారేలోపు: రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు ఉమ్మడి పాథాలజీ ల్యాబ్ ఎందుకు, ఎలా

క్లుప్తంగా: ఎలుకలపై జరిగే రొమ్ము క్యాన్సర్ పరిశోధన నమ్మదగినదో కాదో చాలావరకు తేలిపోయేది కణజాలం ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఆపే ద్రావణం) పడే తొలి గంటలోనే. ఆ తర్వాత ఎంత ఖరీదైన స్కానర్ పెట్టినా జరిగిన నష్టం పూడదు. అందుకే ఉమ్మడి పాథాలజీ ల్యాబ్ పని మొదటి ఎలుకను తెప్పించక ముందే మొదలవ్వాలి. దక్షిణ తెలంగాణ కళాశాలలు ఫిక్సేషన్ (ఫార్మలిన్‌లో భద్రపరచడం), గ్రాసింగ్ (చూసి, కోసి ముక్కలు ఎంచడం), బ్లాకుల తయారీ (ముక్కను మైనంలో పొదగడం) తమ దగ్గరే చేసుకుని, ఐహెచ్‌సీ (యాంటీబాడీలతో ప్రోటీన్లకు రంగు వేసి చూసే పరీక్ష), స్లైడ్ల స్కానింగ్, నిపుణుల పరిశీలన ఉమ్మడి కేంద్రానికి అప్పగిస్తే పని కుదురుతుంది.

ప్రశ్న ఎక్కడ పుట్టింది

"కొత్త మందుతో ఎలుకల్లో రొమ్ము కణితి కరిగింది" అన్న వార్త తరచూ కనిపిస్తూనే ఉంటుంది. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తిరిగే కుటుంబాలు అది చదివి అడిగే మాట ఒక్కటే: ఆ మందు మనదాకా ఎప్పుడొస్తుంది? చాలాసార్లు రాదు. ఎందుకు రాదన్నదానికి కారణాలు అనేకం. వాటిలో బయటివాళ్లకు అసలు కనిపించనిది ఒకటుంది. ఎలుక నుంచి తీసిన ముక్కను ఎలా భద్రపరిచారు, ఎలా కోశారు, చివరికి దాన్ని చదివింది ఎవరు అన్నది.

ప్రపంచ క్యాన్సర్ గణాంకాలిచ్చే గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం ఆ ఏడాది భారతదేశంలో దాదాపు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, దాదాపు 98 వేల మంది చనిపోయారు. మన మహిళల్లో వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. హార్మోన్ రిసెప్టర్లు గానీ హెర్2 ప్రోటీన్ గానీ లేని ట్రిపుల్ నెగెటివ్ రకం పాశ్చాత్య దేశాల కంటే మన దేశపు రోగుల్లో ఎక్కువ పాళ్లలో కనిపిస్తోందని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే ఇక్కడి ప్రశ్నలకు జవాబు ఇక్కడి పరిశోధనలోనే వెతుక్కోవాల్సిన అవసరం ఉంది.

ఆ పరిశోధన చేయగల చోట్లు కూడా పెరిగాయి. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్గొండ, సూర్యాపేటల్లో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఉమ్మడి నల్గొండలో భాగమైన బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాలు, ఫార్మసీ కళాశాలలు ముందునుంచే ఉన్నాయి. వీటన్నింటిలో విడివిడిగా ఎలుక పాథాలజీ ల్యాబ్ పెట్టడం కుదిరే పని కాదు, అవసరమూ లేదు. పంచుకోవడంలో మేలుంది. ఆ పంపకం ఎక్కడ చేయాలన్నదే అసలు విషయం.

ఏ ఎలుక, ఏ కణితి

ఇక్కడ ఎలుక అంటే చిట్టెలుక (మౌస్). దానికి ఐదు జతల స్తన గ్రంథులుంటాయి. మెడ నుంచి ఛాతీ వరకు మూడు జతలు, పొట్ట కింద, తొడల దగ్గర రెండు జతలు. పరిశోధకులు ఎక్కువగా వాడేది నాలుగో జత. అది చర్మం కిందే చదునుగా పరచుకుని ఉంటుంది, తీయడం తేలిక.

నమూనాలు ప్రధానంగా మూడు దారుల్లో తయారవుతాయి. మొదటిది కణాలు ఎక్కించడం. బాల్బ్/సి జాతి ఎలుకలో సహజంగా వచ్చిన కణితి నుంచి తీసిన 4టీ1 కణాలను అదే జాతి ఎలుక నాలుగో గ్రంథిలోకి ఎక్కిస్తే ఒకటి రెండు వారాల్లో చేతికి తగిలే కణితి వస్తుంది, తర్వాత ఊపిరితిత్తులకు పాకుతుంది. రోగనిరోధక వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉండటం దీని బలం. రెండోది జన్యుమార్పిడి. 1992లో వెలువడిన ఎంఎంటీవీ–పీవైఎంటీ నమూనాలో కణితి దానంతటదే పుడుతుంది. ఒకే ఎలుకలో పలు గ్రంథుల్లో, పలు దశల్లో కణితులు కనిపిస్తాయి. మూడోది రోగి కణితి ముక్కనే నిరోధక శక్తి లేని ఎలుకలో పెంచడం. దీన్ని పీడీఎక్స్ అంటారు.

ఏ నమూనా అయినా మనిషి రొమ్ముకు నకలు కాదు. ఎలుక గ్రంథిలో చుట్టూ ఉండేది ఎక్కువగా కొవ్వు, మనిషి రొమ్ములో పీచు కణజాలం వాటా ఎక్కువ. మహిళల్లో వచ్చే రొమ్ము క్యాన్సర్లలో అధికభాగం ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉన్నవే, జన్యుమార్పిడి ఎలుకల కణితుల్లో అధికభాగం ఆ రిసెప్టర్ లేనివే. అందుకే ఎలుక కణితులకు మనుషుల పాథాలజీ పేర్లను యథాతథంగా తగిలించవద్దని, ఎలుకలకు వేరే పదజాలం వాడాలని ఎలుక స్తన గ్రంథి పాథాలజీపై అమెరికాలోని అన్నాపొలిస్‌లో జరిగిన సమావేశం నివేదిక 2000లో సిఫారసు చేసింది. మనిషి రొమ్ము స్లైడ్లను రోజూ చదివే పాథాలజిస్టుకు కూడా ఎలుక స్లైడు దగ్గర కొంత శిక్షణ కావాలనడానికి ఇదే ఆధారం.

ఆసుపత్రి ల్యాబ్‌లోనే చేయించుకుంటే?

జిల్లా స్థాయిలో అందరికీ ముందు తట్టే ఆలోచన ఇదే. వైద్య కళాశాలలో హిస్టోపాథాలజీ విభాగం ఉంది, టిష్యూ ప్రాసెసర్ (ముక్కలోని నీరు తీసి మైనం ఎక్కించే యంత్రం) ఉంది, మైక్రోటోమ్ (బ్లాకును పల్చటి పొరలుగా కోసే యంత్రం) ఉంది. ఎలుక ముక్కలు కూడా అందులోనే వేస్తే సరిపోదా? రెండు చిక్కులున్నాయి.

మొదటిది రోగుల భద్రత. రోగుల బయాప్సీలతోపాటు జంతు కణజాలం ఒకే ప్రాసెసర్‌లో, ఒకే నంబర్ల వరసలో పోతే క్యాసెట్లు (ముక్కలు ఉంచే చిన్న డబ్బాలు) తారుమారయ్యే ప్రమాదముంది. ఒక కణజాలం తునక మరో బ్లాకులోకి చేరినా తప్పుడు నిర్ధారణకు దారితీయొచ్చు. ఈ ఒక్క కారణం చాలు, వద్దనడానికి.

రెండోది ప్రాసెసర్ నడిచే సమయం. మనుషుల ముక్కలకు రాత్రంతా నడిచే ప్రోగ్రామ్ పెడతారు. రెండు మిల్లీమీటర్ల ఎలుక లింఫ్ గ్రంథినో ఊపిరితిత్తినో అందులో వేస్తే ఆల్కహాల్, జైలీన్ దాన్ని పూర్తిగా ఎండగొట్టేస్తాయి. కోసేటప్పుడు సెక్షన్ (కోసిన పల్చటి పొర) నిండా అడ్డ గీతలు, పగుళ్లు పడతాయి. స్తన గ్రంథి సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అందులో కొవ్వు ఎక్కువ గనుక ఆల్కహాల్, జైలీన్ దశలు తక్కువైతే మైనం లోపలికి ఎక్కదు, సెక్షన్ మధ్యలో గుంతలు పడి వాటర్ బాత్‌లో (సెక్షన్‌ను తేలించే గోరువెచ్చటి నీటి తొట్టి) విడిపోతుంది. ఒకే ఎలుక నుంచి తీసిన ముక్కలకే రెండు ప్రోగ్రామ్‌లు కావాలి. రోజుకు పదుల సంఖ్యలో రోగుల నమూనాలతో నడిచే ల్యాబ్‌ను ఇంత సర్దుబాటు అడగడం న్యాయం కాదు.

తొలి గంట

రక్తప్రసరణ ఆగిన క్షణం నుంచి కణితి మారిపోతూ ఉంటుంది. ఫాస్ఫేట్ తగిలిన ప్రోటీన్లు నిమిషాల్లో తగ్గుతాయి. విభజన దశలో ఉన్న కణాల లెక్క, కేఐ–67 (పెరుగుతున్న కణాల్లో కనిపించే ప్రోటీన్) లెక్క ఆలస్యం పెరిగేకొద్దీ పడిపోవచ్చు. మనుషుల రొమ్ము క్యాన్సర్ పరీక్షలకు అమెరికా వైద్య సంఘాలు పెట్టిన ప్రమాణం ప్రకారం కణజాలం బయటికి వచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. ఎలుకల పనిలో ఇంతకంటే మెరుగ్గా చేయడం సాధ్యమే, ఎందుకంటే ముహూర్తం పెట్టేది మనమే.

అయినా ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పది ఎలుకలను ఒకేసారి చంపి వరసగా కోస్తూ పోతారు. ఒక్కోదానికి పది నిమిషాలు పడితే పదో ఎలుక కణితి గంటన్నర దాకా వేచి ఉంటుంది. మందు ఇవ్వని గుంపును ముందు, మందు ఇచ్చిన గుంపును తర్వాత కోస్తే ఇంకా చేటు. రెండో గుంపులో కేఐ–67 తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గించింది మందా, గడియారమా తేల్చే దారి ఆ తర్వాత ఉండదు. ఒక ఎలుక పని పూర్తయ్యాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. గుంపులను కలగలిపి, ఈ గుంపులోది ఒకటి, ఆ గుంపులోది ఒకటిగా తీసుకోవాలి. చంపిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రెండూ రాసిపెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాతిది ముక్క మందం. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు మహా అయితే ఒక మిల్లీమీటరు చొప్పున దిగుతుంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా నెమ్మది. రెండు సెంటీమీటర్ల కణితిని కోయకుండా అలాగే డబ్బాలో వేస్తే, పెద్ద ముక్కలుగా ఊరేసిన మామిడికాయలో ఉప్పు నడిమికి పట్టకముందే అది మెత్తబడినట్టు, పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మందంతో బిళ్లలుగా కోసి, కణజాలానికి కనీసం పదింతలు, వీలైతే ఇరవై ఇంతల ఫార్మలిన్‌లో వేయాలి. గది ఉష్ణోగ్రత దగ్గర 24 నుంచి 48 గంటలు చాలు. ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. సెలవులొచ్చాయని వారాల తరబడి ఫార్మలిన్‌లోనే వదిలేస్తే ప్రోటీన్ల మధ్య బంధాలు బిగుసుకుపోయి యాంటీబాడీలు అతుక్కోవు.

ఫార్మలిన్ అంటే ఏ ఫార్మలిన్? దుకాణంలో దొరికే 37–40 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు కలిపితే లీటరు న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ వస్తుంది. ఫాస్ఫేట్ మానేసి ఉత్త నీళ్లు కలిపితే కాలంగడిచే కొద్దీ ఆమ్లంగా మారి, రక్తం ఎక్కువున్న చోట గోధుమ–నలుపు రేణువులు పేరుకుంటాయి. ఐహెచ్‌సీలో వెతికే ప్రోటీన్ ఉన్నచోట వచ్చే డాబ్ రంగు కూడా గోధుమే. రెంటినీ కలిపి పాజిటివ్‌గా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా గుర్తింపు పొందినది కాబట్టి ఈ పనంతా ఫ్యూమ్ హుడ్ కింద జరగాలి.

పెద్ద కణితుల్లో మరో చిక్కు. రక్తం అందక నడిమి భాగం ముందే చచ్చిపోయి ఉంటుంది. ముక్కను అక్కడి నుంచి తీస్తే ఏ మందూ ఇవ్వకపోయినా కేఐ–67 తక్కువే వస్తుంది. అంచు నుంచి అంచు దాకా పూర్తి అడ్డుకోత తీసుకుని, బతికున్న భాగంలో మాత్రమే లెక్కించాలి, చచ్చిన భాగం ఎంత శాతమో విడిగా రాయాలి.

ఎండ, కరెంటు, నీళ్లు

పుస్తకాల్లోని పద్ధతులు చల్లటి దేశాల్లో రాసినవి. మే నెలలో నల్గొండలో, గద్వాలలో 43–44 డిగ్రీల ఎండ కాస్తుంటే ఏసీ లేని గదిలో మైక్రోటోమ్ నడపడం వృథా. మైనం మెత్తబడి సెక్షన్లు ముడుచుకుపోతాయి, ఒకదాని వెంట ఒకటి రిబ్బన్‌లా రావు. బ్లాకును మంచు పలక మీద పెట్టి చల్లబరిచి నాలుగైదు మైక్రాన్ల మందంతో కోయాలి. గది చల్లగా లేకపోతే రెండు సెక్షన్లకే మళ్లీ మెత్తబడుతుంది. ద్రవీభవన స్థానం 56–58 డిగ్రీలున్న మైనం బదులు 60–62 డిగ్రీల మైనం వాడితే కొంత మేలు. అయితే ప్రాసెసర్ మైనం పాత్ర వేడిని కూడా ఆ మేరకు పెంచాలి.

ప్రాసెసర్ రాత్రిపూట నడుస్తుంది. కరెంటు పోతే బుట్ట ఎక్కడ ఆగిందన్నదే ముఖ్యం. ఆల్కహాల్‌లో ఆగితే కాస్త ఎక్కువ ఎండుతుంది, అంతే. జైలీన్‌లో గంటల తరబడి ఆగితే ముక్క పెళుసవుతుంది. పాత యంత్రాల్లో బుట్ట రెండు పాత్రల మధ్య గాలిలో ఆగిపోతే ఆ విడత మొత్తం పోయినట్టే. బ్యాటరీ బ్యాకప్ లేకుండా ఎలుక ముక్కలను రాత్రి ప్రాసెసింగ్‌కు వేయకూడదు. ఆ ముక్కలను మళ్లీ తెచ్చుకోలేం. ఒక జీవి ప్రాణం తీసి తెచ్చిన ముక్క అజాగ్రత్తతో పాడైతే ఆ ప్రాణం ఊరికే పోయినట్టు.

నల్గొండ నీళ్లంటే ఎవరికైనా ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. ల్యాబ్‌ను అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది బోరు నీటి కాఠిన్యం. కాల్షియం ఎక్కువున్న నీటితో ఫాస్ఫేట్ బఫర్ చేస్తే తెల్లటి మడ్డి దిగుతుంది, బఫర్ బలం తగ్గుతుంది. వాటర్ బాత్ అడుగున పేరుకున్న పొర రేణువులై సెక్షన్ కిందికి చేరుతుంది. బఫర్లకు, ఐహెచ్‌సీకి, వాటర్ బాత్‌కు డిస్టిల్డ్ వాటరే వాడాలి. హెచ్ అండ్ ఈ స్టెయినింగ్‌లో (హిమటాక్సిలిన్, ఇయోసిన్‌లతో స్లైడ్లకు మామూలుగా వేసే రంగు) హిమటాక్సిలిన్‌ను నీలంగా మార్చే దశకు మాత్రం క్షారగుణమున్న ఇదే కఠినజలం చక్కగా పనికొస్తుంది.

ఊపిరితిత్తుల లెక్క

ఎలుక నమూనాల్లో కణితి ఎక్కువగా పాకేది ఊపిరితిత్తులకే. మందు పనిచేసిందా లేదా చెప్పే అంకె చాలాసార్లు అక్కడి గడ్డల సంఖ్యే. కానీ ఆ అంకె ఎంత బలహీనమైనదో చిన్న లెక్క చెబుతుంది.

ఊపిరితిత్తి తమ్మె (లోబ్) 4 మిల్లీమీటర్ల మందం, అంటే 4,000 మైక్రాన్లు అనుకుందాం. అందులో 100 మైక్రాన్ల గడ్డ ఒకటే ఉంది. ఎక్కడో ఒకచోట ఒకే సెక్షన్ కోస్తే ఆ గడ్డ తగిలే అవకాశం 100/4,000, అంటే రెండున్నర శాతం. దూరదూరంగా మూడు చోట్ల కోసినా ఏడున్నర శాతమే. "గడ్డలు లేవు" అని రాసిన నివేదికకు అర్థం "చూసిన చోట లేవు" అనే. పైగా పెద్ద గడ్డ తగిలే అవకాశం ఎక్కువ కాబట్టి, మందు గడ్డల సంఖ్యను తగ్గించకుండా సైజును మాత్రమే తగ్గించినా సంఖ్య తగ్గినట్టు కనిపిస్తుంది. ఎన్ని చోట్ల, ఎంత దూరంలో కోయాలో పని మొదలుకాక ముందే నిర్ణయించి అన్ని ఎలుకలకూ అదే పాటించాలి. గడ్డల సంఖ్యతోపాటు అవి ఆక్రమించిన విస్తీర్ణాన్ని కూడా కొలవాలి.

ఊపిరితిత్తిని తీసిన వెంటనే డబ్బాలో పడేస్తే కుంచించుకుపోయి గాలి గదులు మూసుకుంటాయి, చిన్న గడ్డలు వాటిలో కలిసిపోతాయి. శ్వాసనాళంలోకి మొండి సూదితో ఒక మిల్లీలీటరు, కొంచెం అటూ ఇటూగా ఫార్మలిన్‌ను నెమ్మదిగా ఎక్కించి, తమ్మెల అంచులు నిండగానే దారంతో కట్టాలి. బలంగా తోస్తే గోడలు చిరుగుతాయి. ఎముకలకు పాకిందేమో చూడాలంటే ఈడీటీఏ అనే రసాయనంతో వారం రెండు వారాలు కాల్షియం తీయాలి. ఆమ్లంతో త్వరగా అవుతుంది గానీ ఐహెచ్‌సీ దెబ్బతినొచ్చు.

ఎలుక మీద ఎలుక యాంటీబాడీ

ఆసుపత్రిలో వాడే ఐహెచ్‌సీ యాంటీబాడీల్లో చాలావాటిని ఎలుకల్లోనే తయారుచేస్తారు. మనిషి కణజాలంపై అవి బాగా పనిచేస్తాయి. ఎలుక కణజాలంపై వేస్తే, ఎలుక యాంటీబాడీని పట్టుకోవడానికి వేసే రెండో యాంటీబాడీ అక్కడ సహజంగా ఉన్న ఎలుక ఇమ్యునోగ్లోబులిన్‌కు (ఎలుక సొంత యాంటీబాడీలు) కూడా అతుక్కుంటుంది. స్లైడంతా గోధుమరంగు. కుందేలులోనో పెద్ద ఎలుక (ర్యాట్)లోనో తయారైన యాంటీబాడీలు వాడటం, లేదా ముందుగా ప్రత్యేక బ్లాకింగ్ చేయడం దీనికి విరుగుడు. మొదటి యాంటీబాడీ వేయని స్లైడు ఒకటి ప్రతి విడతలోనూ ఉండాలి. అది కూడా గోధుమగా కనిపిస్తే ఆ విడత మొత్తాన్ని పక్కన పెట్టాలి.

కొన్ని యాంటీబాడీలు అసలు ఎలుక ప్రోటీన్‌ను గుర్తించవు. కేఐ–67కు ఆసుపత్రుల్లో ప్రసిద్ధమైన ఎంఐబీ–1 ఇందుకు ఉదాహరణ. కుందేలు యాంటీబాడీ ఎస్‌పీ6 మనిషిలోనూ ఎలుకలోనూ పనిచేస్తుంది. పీడీఎక్స్ విషయంలో ఈ భేదమే ఆయుధం. మనిషి ప్రోటీన్‌ను మాత్రమే గుర్తించే యాంటీబాడీతో కణితిలో ఏది రోగిది, ఏది ఎలుకదో విడదీయొచ్చు. ఇది తప్పనిసరి కూడా. పీడీఎక్స్‌గా పెరిగిన గడ్డ కొన్నిసార్లు రొమ్ము క్యాన్సర్ కాక, రోగి ముక్కతోపాటు వచ్చిన తెల్లకణాల నుంచి ఎప్‌స్టీన్–బార్ వైరస్ వల్ల పుట్టిన లింఫోమా అవుతుంది. పైకి రెండూ గడ్డలే. ఒక హెచ్ అండ్ ఈ స్లైడు, మనిషి తెల్లకణాలను చూపే సీడీ45 స్లైడు చూడకుండా ఆ గడ్డను తరం తర్వాత తరం ఎలుకల్లోకి మారుస్తూ పోతే ఏళ్ల శ్రమ వేరే జబ్బు మీద పడుతుంది.

కణితిలా కనిపించేవి

నాలుగో గ్రంథి మధ్యలో సహజంగానే ఒక లింఫ్ గ్రంథి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని చేత్తో తడిమి చిన్న కణితి అనుకుంటారు. మెడ దగ్గర మొదటి గ్రంథి పక్కనే లాలాజల గ్రంథులున్నాయి, అవి కూడా ముక్కతోపాటు వచ్చేస్తాయి. పీవైఎంటీ నమూనాకు వాడే ఎఫ్‌వీబీ జాతిలో వయసు మీరిన ఆడ ఎలుకలకు పిట్యుటరీ మార్పులవల్ల స్తన గ్రంథి ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల్లో వాటంతటవే కణితులు వస్తాయి. వాటిని రొమ్ము నుంచి పాకినవిగా లెక్కేస్తే ఫలితం తలకిందులవుతుంది. 4టీ1 కణితి ఉన్న ఎలుకల రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగి ప్లీహం ఉబ్బుతుంది, కాలేయంలో ఆ కణాల గుంపులు చేరతాయి. చూడగానే క్యాన్సర్ పాకినట్టే ఉంటుంది. ఎలుక పాథాలజీ తెలిసిన కన్ను వీటిని నిమిషంలో విడదీస్తుంది, ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఆ నమ్మకం ఇవ్వలేదు.

ఉమ్మడి ల్యాబ్ నడిచే తీరు

ఖర్చు లెక్కతో మొదలుపెడదాం. 100 మైక్రోలీటర్ల యాంటీబాడీ సీసాను 200 రెట్లు పలుచన చేస్తే 20 మిల్లీలీటర్లు వస్తుంది. స్లైడుకు 150 మైక్రోలీటర్లు చొప్పున 130కి పైగా స్లైడ్లకు సరిపోతుంది. ఒక పీజీ విద్యార్థి థీసిస్‌కు కావాల్సింది ముప్పై నలభై. మిగతాది గడువు దాటి పారబోయాల్సిందే. పైగా ప్రతి కొత్త యాంటీబాడీకి ఏ పలుచన, ఏ పీహెచ్ బఫర్‌లో ఎంతసేపు వేడిచేయాలో ముందుగా తేల్చుకోవాలి. సిట్రేట్ పీహెచ్ 6, ట్రిస్–ఈడీటీఏ పీహెచ్ 9 రెండూ పరీక్షించాలి. ఉమ్మడి ల్యాబ్‌లో ఈ పని ఒక్కసారి జరుగుతుంది, అందరికీ పనికొస్తుంది.

పనిభారం కూడా ముందే చూసుకోవాలి. నాలుగు గుంపులు, గుంపుకు పది ఎలుకలు, ఒక్కోదాని నుంచి కణితి, ఊపిరితిత్తి, కాలేయం, లింఫ్ గ్రంథి తీస్తే 160 బ్లాకులు. ఊపిరితిత్తికి మూడు చోట్ల, మిగతావాటికి ఒక్కోటి చొప్పున హెచ్ అండ్ ఈ స్లైడ్లే 240. కణితులకు మూడు ఐహెచ్‌సీలు కలిపితే 360, పోల్చి చూసే కంట్రోల్ స్లైడ్లు అదనం. "పది స్లైడ్లే కదా" అని మొదలైన పని ఇలా పెరుగుతుంది. జంతువుల నైతిక కమిటీకి దరఖాస్తు రాసే రోజే పాథాలజిస్టు పక్కన ఉంటే ఎన్ని ఎలుకలు, ఏ అవయవాలు, ఏ స్టెయిన్లు అన్నవి ఒకే లెక్కలోకి వస్తాయి. మన దేశంలో 1960 జంతు హింస నివారణ చట్టం, 1998 నిబంధనల కింద సంస్థాగత నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా వాడకూడదు. ఎన్ని ఎలుకలు ఎందుకో ఆ కమిటీకి సమాధానం చెప్పాలి.

మంచి ల్యాబ్ ముందు రెండు మూడు ఎలుకలతో ప్రయోగాత్మకంగా మొత్తం దారి నడిపిస్తుంది. తర్వాతే అసలు పని. క్యాసెట్ మీద పెన్సిల్‌తో ఎలుక నంబరు మాత్రమే రాయాలి. గుంపు పేరు రాస్తే చదివేవారి చూపు మారుతుంది. మామూలు పెన్ను ఇంకు జైలీన్‌లో కరిగిపోతుంది. స్టెయినింగ్ ప్రతి విడతలోనూ అన్ని గుంపుల స్లైడ్లూ ఉండాలి. సోమవారం ఒక గుంపు, గురువారం మరో గుంపు వేస్తే రంగు తేడా మందు తేడాగా కనిపిస్తుంది.

స్కానింగ్ దూరాన్ని నిజంగా తగ్గించింది. 40 రెట్ల స్కాన్‌లో ఒక పిక్సెల్ పావు మైక్రాన్ ఉంటుంది. 15 మిల్లీమీటర్ల చదరపు సెక్షన్ అంటే 60,000 × 60,000 పిక్సెళ్లు. కుదించాక కూడా ఫైలు వందల ఎంబీలు, ఒక్కోసారి జీబీ దాటుతుంది. క్యూపాత్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లెక్కపెట్టొచ్చు, అయితే కణితి కణాల మధ్య దూరిన తెల్లకణాలు కూడా కేఐ–67 పాజిటివ్‌గానే ఉంటాయి. ఎక్కడ లెక్కపెట్టాలో గీసి ఇవ్వాల్సింది పాథాలజిస్టే.

దక్షిణ తెలంగాణకు ఏ పంపకం కుదురుతుంది

నల్గొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న నగరం అది. జంతు పాథాలజీ తెలిసిన నిపుణులు అక్కడ దొరుకుతారు. ఉమ్మడి కేంద్రం ఏ సంస్థ పేరున ఉన్నా, అలాంటి నిపుణులు ఉండటం దానికి మొదటి అర్హత. యంత్రాలు తర్వాత కొనొచ్చు.

దూరం వల్ల పాడయ్యేవి, కానివి వేరుచేసుకుంటే పంపకం దానంతటదే తేలుతుంది. ఫిక్సేషన్ క్షణం కూడా ఆగదు కాబట్టి ఎలుక ఉన్నచోటే జరగాలి. గ్రాసింగ్, ప్రాసెసింగ్, బ్లాకులు కట్టడం వరకు స్థానికంగానే, అయితే రోగుల ముక్కలకు వాడని ప్రాసెసర్‌లో, చేయడం మేలు. ఫార్మలిన్ డబ్బాలు, ఆల్కహాల్ డబ్బాలు బస్సు కార్గోలో పంపితే ఒలికే ప్రమాదం, మంటల ప్రమాదం. బ్లాకులకు ఆ బెడద లేదు. ఎండాకాలంలో నిలిపి ఉంచిన వాహనంలో మైనం మెత్తబడి క్యాసెట్ నుంచి ఊడొచ్చు కాబట్టి థర్మకోల్ పెట్టెలో చల్లటి జెల్ ప్యాకులతో తెల్లవారుజామున పంపాలి. బ్లాకుకు నేరుగా గడ్డకట్టిన ప్యాకు తగిలితే మైనం పగులుతుంది, మధ్యలో గుడ్డ వేయాలి. పీడీఎక్స్ కోసం రోగి ముక్కను పంపడం పూర్తిగా వేరే పని. అది బతికి ఉండాలి కాబట్టి ఫార్మలిన్ తగలకూడదు, కణాల మీడియంలో మంచు మీద, గంటల్లోనే చేరాలి. రోగి రాతపూర్వక అంగీకారం, మనుషుల పరిశోధనల నైతిక కమిటీ అనుమతి ముందే ఉండాలి. శస్త్రచికిత్స గదికీ ల్యాబ్‌కూ మధ్య ముందు మాట అనుకోకపోతే ఇది జరగదు.

స్థానిక టెక్నీషియన్లకు శిక్షణే ఇక్కడ తప్పనిసరి పెట్టుబడి. ఎలుక అవయవాల అమరిక, స్తన గ్రంథిని ముడుచుకోకుండా కాగితంపై పరచడం, ఊపిరితిత్తిలోకి ఫార్మలిన్ ఎక్కించడం, రెండు రకాల ప్రాసెసింగ్ ప్రోగ్రామ్‌లు చేత్తో నేర్చుకోవాల్సినవి. చదివితే రావు. వారం పాటు ఉమ్మడి కేంద్రంలో కూర్చుని నేర్చుకున్న ఒక టెక్నీషియన్ జిల్లాకు తిరిగొస్తే, కొత్త స్కానర్ కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఒప్పందంలో రెండు విషయాలు మొదటిరోజే రాసుకోవాలి. నివేదిక రాసిన పాథాలజిస్టు పేరు పరిశోధన పత్రంలో ఎలా ఉండాలన్నది ఒకటి. స్లైడు చదివి ఫలితం అర్థం చెప్పినవారిని రచయితల్లో చేర్చడం న్యాయం, కేవలం రంగు వేసి ఇచ్చినచోట కృతజ్ఞత చాలు. బ్లాకులు ఎవరివన్నది రెండోది. కోసిన తెల్ల స్లైడ్లను నెలల తరబడి దాచిపెడితే యాంటీబాడీలు పట్టే గుణం క్రమంగా తగ్గుతుంది, బ్లాకులు మాత్రం చల్లటి పొడి చోట ఏళ్లకేళ్లు నిలుస్తాయి. అందుకే అవసరమున్నన్ని స్లైడ్లే కోయించి, మిగిలిన బ్లాకులను ఎలుక నంబర్లు, ఫిక్సేషన్ సమయాల జాబితాతో సహా పంపిన కళాశాలకే తిరిగి ఇవ్వాలి. ఏసీ లేని స్టోర్‌రూమ్‌లో ఒక్క ఎండాకాలం చాలు, అవన్నీ ఒకదానికొకటి అతుక్కుపోవడానికి. వాటికోసం 25 డిగ్రీలు దాటని ఒక అల్మారాను కళాశాల ముందే కేటాయించాలి.